ప్లాయా డెల్ కార్మెన్ వెళ్తున్నారా? కారు వద్దు, బస్సెక్కండి

డాలస్ నుంచి మెక్సికో సముద్రానికి వెళ్దామనుకునే మనవాళ్ళకి ముందుగా ఒక్క మాట. కాంకూన్ ఎయిర్‌పోర్టులో కారు అద్దెకి తీసుకోకండి. డాలస్ నుంచి విమానం మూడు గంటల లోపే, వేసవిలో టైము కూడా రెండుచోట్లా ఒకటే. లాంగ్ వీకెండ్‌కి ఇంత దగ్గరలో ఇంత మంచి సముద్రం మనకి ఇంకోటి లేదు. 2025 మే నెలాఖరులో, మెమోరియల్ డే సెలవులకి, మావారు, నేను, గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు కలిసి కాంకూన్ దగ్గరున్న సముద్రపు ఊరు ప్లాయా డెల్ కార్మెన్ వెళ్ళాం. ఊరు నచ్చింది, తిండి నచ్చింది. కారు కౌంటర్ దగ్గర జరిగింది తల్చుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆన్‌లైన్‌లో సెలవు మొత్తానికి 58 డాలర్లు అని బుక్ చేశాం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అందులోనే ఉందని కాగితం మీద స్పష్టంగా రాసుంది. అద్దె కారుకి దెబ్బ తగిలితే మావారి క్రెడిట్ కార్డు చూసుకుంటుంది, అలా అని కార్డు వాళ్ళు ఇచ్చిన ఉత్తరం కూడా ప్రింట్ తీసి పెట్టుకున్నారు. కంపెనీ వ్యాన్ మమ్మల్ని ఎయిర్‌పోర్టు బయట ఆఫీసుకి తీసుకెళ్ళింది. కౌంటర్‌లో కుర్రాడు నవ్వుతూ పాస్‌పోర్టులు తీసుకుని, టకటకా ఏదో కొట్టి, కాగితం మా వైపు తిప్పాడు. 246 డాలర్లు! "ఇన్సూరెన్స్ కలిసే ఉందిగా" అంటే, "అది వెబ్‌సైట్ వాళ్ళ మాట, మాది కాదు. ఇక్కడి చట్టం ప్రకారం మా ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందే" అన్నాడు. కార్డు వాళ్ళ ఉత్తరం చూపిస్తే చదవను కూడా చదవలేదు. ఇన్సూరెన్స్ వద్దంటే కార్డు మీద 3,000 డాలర్లు హోల్డ్ పెడతానన్నాడు.

మెక్సికోలో ఎదుటివాళ్ళ నష్టానికి ఇన్సూరెన్స్ తప్పనిసరి, ఆ మాట నిజమే. కానీ మేము బ్యాగులు తీసుకుని లేవగానే 246 కాస్తా 190 అయింది. తలుపు దాకా వచ్చేసరికి 160. చట్టం పెట్టిన ధర అయితే బేరమాడితే దిగుతుందా? ఆ మాట మావారు అడిగేశారు కూడా. జవాబు లేదు. 58కే ఇస్తానన్న మాట కూడా లేదు. సరే, మమ్మల్ని టెర్మినల్ దగ్గర దింపండి అంటే, తర్వాతి వ్యాన్ నలభై నిమిషాలకి అన్నారు. తెచ్చేటప్పుడు ఉన్న తొందర పంపేటప్పుడు ఎవరికీ లేదు. మామయ్యగారికి షుగరు. ఆ ఎండలో సూట్‌కేసు మీదే కూర్చున్నారు. అత్తయ్యగారు ఏమీ అనకుండా చేగోడీల డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టారు. మావారు ఆ సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇంత గొడవా పడ్డాక తెలిసిందేమిటంటే, అసలు కారుతో పనే లేదు. టెర్మినల్ బయటే ఏడీవో బస్సుల కౌంటర్ ఉంది. ప్లాయాకి టికెట్టు మేము వెళ్ళినప్పుడు మనిషికి 250 పెసోల దరిదాపు ఉంది. డాలరుకి అప్పుడు సుమారు 19 పెసోలు, అంటే 13 డాలర్లు. చల్లటి ఏసీ, సీటు నంబర్లు, సామాను కింద పెట్టి చీటీ ఇస్తారు. గంటలో నేరుగా ఊరి నడిబొడ్డున, కింతా అవెనీదా అనే పెద్ద బజారు వీధి మొదట్లో దింపేశాడు. అక్కణ్ణుంచి కోజుమెల్ దీవికి వెళ్ళే ఫెర్రీ రేవు కూడా నడక దూరమే. ఇంకో సంగతి. కస్టమ్స్ దాటాక ఎయిర్‌పోర్టులో ఒక నడవా ఉంటుంది. యూనిఫాం లాంటివి వేసుకుని, "మీ ట్రాన్స్‌పోర్ట్ ఇక్కడే" అని పిలిచేవాళ్ళంతా టైమ్‌షేర్, అంటే సెలవుల బసలో ఏటా కొన్ని రోజుల వాటా, అమ్మేవాళ్ళే. ఎవరి వైపూ చూడకుండా బయటికి నడవండి.

బస విషయంలో నా సలహా 12వ వీధి చుట్టుపక్కల తీసుకోవద్దని. నైట్‌క్లబ్బులన్నీ అక్కడే, తెల్లవార్లూ మోతే. మేము ఉత్తరంగా 28వ వీధి వైపు చిన్న హోటల్ తీసుకున్నాం, గదికి రాత్రికి 96 డాలర్లు, టిఫిన్ కలిపి. పర్యావరణ పన్ను అని గదికి రోజుకి ఇంత అని విడిగా కట్టించుకున్నారు. అది మోసం కాదు, అక్కడ అన్ని హోటళ్ళలోనూ ఉంది. హోటల్ శుభ్రంగా ఉంది, అంతే చెప్పాలి.

సముద్రం మాత్రం మొదటిరోజు నిరాశపరిచింది. ఒడ్డంతా గోధుమరంగు నాచు, సార్గసమ్ అంటారు. 2011 నుంచీ అట్లాంటిక్ మీదుగా కుప్పలు తెప్పలుగా కొట్టుకొస్తోందట. వేసవి నెలల్లో మరీ ఎక్కువ. కుళ్ళితే కోడిగుడ్డు చెడిన వాసన. పొద్దున్నే పనివాళ్ళు ట్రాక్టర్లతో ఎత్తుతుంటే, మధ్యాహ్నానికి మళ్ళీ అంతే పడుతోంది. ఫోటోల్లో చూసిన నీలం నీళ్ళే కావాలంటే కోజుమెల్ దీవి పడమటి ఒడ్డుకి వెళ్ళండి. నాచు తూర్పు నుంచి వస్తుంది కాబట్టి ఆ వైపుకి పెద్దగా చేరదు. ఫెర్రీ ముప్పావుగంట, రానూపోనూ మనిషికి అప్పుడు 600 పెసోల పైచిలుకు అయింది. ఒడ్డు నుంచి నాలుగు అడుగులు వేస్తే చాలు, కాళ్ళ చుట్టూ చేపలు. మామయ్యగారు మోకాళ్ళ దాకా పంచె ఎగగట్టుకుని గంటసేపు నీళ్ళలోంచి రాలేదు. తిరిగొచ్చేటప్పుడు ఫెర్రీ బాగా ఊగింది, కడుపులో తిప్పేవాళ్ళు ముందే మాత్ర వేసుకోవాలి.

తిండికొస్తే, శాకాహారులకి ఒక జాగ్రత్త. మెత్తగా చేసిన చిక్కుడుగింజలు చూసి అందరూ మోసపోతారు. చాలాచోట్ల అందులో పందికొవ్వు వేస్తారు. "సిన్ మాంతేకా" (కొవ్వు లేకుండా) అని అడగాలి. "సిన్ కార్నే" (మాంసం లేకుండా) అని అడిగితే మాత్రం సరిపోదు, మాంసం లేదని చెప్పి చికెన్ వేసి తెచ్చేవాళ్ళున్నారు. హోటళ్ళ వీధి వదిలేసి, 30వ అవెన్యూ దాటి స్థానికులు తినే చోట్లకి వెళ్ళాం. చిన్న మెస్, నాలుగు బల్లలు. చీజ్ పెట్టి కాల్చిన రొట్టెలు, వాటినే కెసదీయాలు అంటారు, అన్నం, అవకాడో, ఆబనేరో మిరపకాయల పచ్చడి. నలుగురికీ కలిపి 520 పెసోలు.

అక్కడే గాజు జాడీలో ఎర్రటి నీళ్ళు పెట్టారు, పేరు హమైకా. అత్తయ్యగారు ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, మళ్ళీ ఎత్తి వాసన చూశారు. "ఇది మన గోంగూర పులుపు కదమ్మా!" అన్నారు. మెస్ నడిపే పెద్దావిడకి మా మాట అర్థం కాలేదు గానీ, లోపలికెళ్ళి గుప్పెడు ఎండు పూలరేకులు తెచ్చి అత్తయ్యగారి అరచేతిలో పోసింది. ముదురు ఎరుపు, ముట్టుకుంటే గరగరలాడుతున్నాయి. ఎర్ర గోంగూర చెట్టు పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే రేకులే అవి. మొక్క అచ్చంగా అదే. మనం ఆకు తింటాం, వాళ్ళు రేకు నానబెట్టి పంచదార కలిపి తాగుతారు. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే పది నిమిషాలు చేతులతో వంటల గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత రోజూ అక్కడే భోజనం. ఆవిడ అత్తయ్యగారి గ్లాసులో పంచదార తగ్గించి పోసేది.

తులుమ్ శిథిలాలకి వ్యానులో వెళ్ళాం, కొలెక్తీవో అంటారు, మనిషికి 60 పెసోలు. సముద్రం మీదున్న కొండచరియ అంచున మాయన్లు కట్టిన కోట అది. ఎక్కడా నీడ లేదు. ఎనిమిదింటికే చేరుకోండి. మేము వెళ్ళినప్పుడు పక్కనున్న జాగ్వార్ పార్కు మీదుగా పంపారు, టికెట్లు రెండు మూడు రకాలు కట్టాల్సి వచ్చింది, కాబట్టి పెసోలు నోట్లుగా దగ్గర పెట్టుకోండి. ఏటీఎం "మా రేటుకి మార్చమంటారా" అని అడిగితే వద్దనండి.

టికెట్ కొనేముందు పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు తేదీ చూసుకోవాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే మనకి మెక్సికో వీసా అక్కర్లేదు. స్టాంపు గడువు దాటిన హెచ్1బీ వాళ్ళకి అది వర్తించదు, మెక్సికో వీసా విడిగా తీసుకోవాల్సిందే. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు, అమెరికాకి తిరిగొచ్చేటప్పుడు ఇక్కడ ఉండటానికి వాళ్ళకి మళ్ళీ కొత్తగా ఆర్నెల్లు వేస్తారనుకోవద్దు. పాత తేదీనే లెక్కపెట్టుకుని ఇండియా టికెట్లు చేయించండి.