ఫోన్ కెమెరాలో బ్యూటీ మోడ్: ఒక సమీక్ష

ఈ ఫోన్‌లో ముందువైపు కెమెరా తెరవగానే, ఎవరూ అడగకుండానే బ్యూటీ మోడ్ (ఫోటోలో ముఖాన్ని దానంతటదే మార్చి అందంగా చూపే సదుపాయం) పని మొదలుపెడుతుంది. దానిని ఆపాలంటే సెట్టింగ్స్‌లో వెతుక్కోవలసి వస్తుంది. ఫోటోల స్పష్టతకు, కెమెరా వేగానికి వంక పెట్టడానికేమీ లేదు. చిక్కంతా ఆ మోడ్‌లోని స్లైడర్లతోనే, అంటే మార్పుల మోతాదును వేలితో జరిపి సరిచేసే మీటలతోనే. చర్మం నునుపును పెంచేకొద్దీ మొటిమల మచ్చలతోపాటు కంటి కొనల ముడతలు, పైపెదవి మీది నూగు, చివరకు పుట్టుమచ్చ కూడా చెరిగిపోతాయి; దవడను సన్నబరిస్తే పక్కనున్న తలుపు అంచు వంకర తిరుగుతుంది. ఇక రంగు స్లైడర్ తెలుపువైపే జరుగుతుంది తప్ప రెండో వైపుకు కదలదు (అందానికి ఒకే రంగు ఉంటుందని దీని తయారీదారులకు ఎవరు చెప్పారో!).

ముక్కును సన్నబరిచే సదుపాయం మరీ విడ్డూరం. సుమారు 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు అడుగుభాగం, బాగా దూరం నుంచి చూసినప్పటికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అంటే, కెమెరాను మరీ దగ్గరగా పట్టుకోవడం వల్ల వచ్చిన తేడాను మన ముఖానికి లోపంగా అంటగట్టి, దానికి మందు కూడా ఈ ఫోనే అందిస్తోందన్నమాట. కెమెరాకు 5కి 4 మార్కులు ఇస్తాను. బ్యూటీ మోడ్‌కు మాత్రం 1కి మించి ఇవ్వలేను.