విండోస్‌కూ ఉబుంటుకూ మధ్య తిరిగే డిస్కు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌ల ఎడిటింగ్ నా పని. ఇంట్లో కంప్యూటర్లో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం). ప్రింటింగ్‌కి ఇచ్చే విశాఖ డాబాగార్డెన్స్ షాపులో విండోస్. రెండు చోట్లకీ తిరిగే రెండు టెరాబైట్ల ఎక్స్‌టర్నల్ డిస్కుని ఈఎక్స్‌టీ4, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ అనే మూడు ఫార్మాట్లలోనూ (డిస్కులో ఫైళ్లు అమర్చే పద్ధతులు) బాగా వాడాను. ఇప్పుడు ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంది, అందులోనే ఉంచుతాను. "పర్మిషన్ డినైడ్" (అనుమతి లేదు) అని కనబడగానే డిస్కు పోయిందనుకుని కొత్తది కొనేస్తున్నారు మన ఊళ్లో చాలామంది. డబ్బు దండగ. చాలాసార్లు డిస్కు బాగానే ఉంటుంది.

ఈఎక్స్‌టీ4 లినక్స్ వరకూ బ్రహ్మాండం. కానీ అది ప్రతి ఫైలుకీ యజమాని పేరు కాదు, నంబరు రాసుకుంటుంది. ఉబుంటులో మొదటి యూజర్‌కి 1000. ఇంకో ల్యాప్‌టాప్‌లో మీ నంబరు 1001 అయితే, డిస్కు మీదే అయినా రాయనివ్వదు. టెర్మినల్‌లో ఫార్మాట్ చేస్తే డిస్కులోని పై ఫోల్డర్ రూట్ (సిస్టమ్ అడ్మిన్ ఖాతా) పేరిట ఉండిపోతుంది కాబట్టి సొంత సిస్టమ్‌లోనే ఎర్రర్ వస్తుంది. యజమానిని మార్చే చౌన్ కమాండ్‌తో ఆ ఫోల్డర్‌ని ఒక్కసారి మీ పేరిట మార్చుకుంటే సరిపోతుంది. అన్నిటికీ 777 (అందరికీ అన్ని అనుమతులూ) ఇచ్చేయమని చెప్పేవాళ్ల మాట వినకండి. ఆ సిస్టమ్‌లో లాగిన్ అయిన ఎవరైనా మీ ఫైళ్లు చెరిపేయగలరు. షాపులోని విండోస్ ఈ ఫార్మాట్‌ని మామూలుగా చదవదు, అందుకే మానేశాను.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో వచ్చే చిక్కు వేరు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కూడా సగం నిద్రే. డిస్కుని అలాగే ఉంచి షట్‌డౌన్ చేసి, లాక్కొచ్చి ఉబుంటుకి పెడితే ఒక్కోసారి చదవడానికే తెరుచుకుంటుంది, రాయనివ్వదు. దానికి మందు విండోస్‌లోనే ఉంది: ఎర్రర్ చెకింగ్ నడిపి, సేఫ్లీ రిమూవ్ నొక్కి తీయాలి. షాపువాళ్లని పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయమని అడిగాను, తీసేశారు. అప్పటి నుంచి ఆ బాధ లేదు.

ఇక ఎక్స్‌ఫ్యాట్. మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చింది. 2019లో వచ్చిన 5.4 కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రామ్) నుంచి లినక్స్‌లోనే దానికి డ్రైవర్ ఉంది. పాత ఫ్యాట్32 ఫార్మాట్‌లా ఒక్కో ఫైలు 4 జీబీ దగ్గర ఆగిపోదు, ముహూర్తం వీడియో మొత్తం ఒకే ఫైలుగా పడుతుంది. ఇందులో యజమాని, పర్మిషన్ అనే సమాచారమే ఉండదు. అవి మౌంట్ చేసేటప్పుడు (డిస్కుని సిస్టమ్‌కి కలిపేటప్పుడు) లినక్స్ తగిలించేవి. డెస్క్‌టాప్ తనంతట తాను మౌంట్ చేస్తే మీ పేరిటే వస్తుంది. సుడోతో (రూట్ అధికారంతో) మౌంట్ చేస్తే మాత్రం అంతా రూట్ సొత్తు. అప్పుడు చౌన్, సీహెచ్‌మోడ్ (పర్మిషన్లు మార్చే కమాండ్) ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు. అన్‌మౌంట్ చేసి, యూఐడీ (యూజర్ నంబరు), జీఐడీ (గ్రూపు నంబరు) ఆప్షన్లలో మీ నంబర్లు ఇచ్చి మళ్లీ మౌంట్ చేయాలి.

ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ కమాండ్ వాడేవాళ్లకి ఇంకోటి. 'ఏ' ఆప్షన్ ఇస్తే గ్రూపుని, పర్మిషన్లని కూడా నిలబెట్టాలని చూసి "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అని వరసగా ఎర్రర్లు కురిపిస్తుంది, చివర్లో 23 కోడ్ చూపిస్తుంది. అప్పటికి మామూలు ఫైళ్లు కాపీ అయ్యే ఉంటాయి, సింబాలిక్ లింకులే (వేరే ఫైలుని చూపే షార్ట్‌కట్లు) పడవు. 'ఆర్', 'టీ' రెండూ ఇస్తే చాలు. పర్మిషన్లు తప్పనిసరిగా నిలవాల్సిన ఫోల్డర్‌ని టార్ ఫైలుగా (ఒకే కట్టగా) చుట్టి పంపుతాను. ఫైలు పేర్లో కోలన్, ప్రశ్నార్థకం ఉన్నా కాపీ కాదు, ముందే మార్చుకోండి. ఎడిటింగ్ ప్రోగ్రామ్‌ని స్నాప్‌గా (ఉబుంటు ప్యాకేజీ రూపంలో) వేసుకుని ఉంటే, సెట్టింగ్స్‌లో దానికి రిమూవబుల్ స్టోరేజ్ అనుమతి ఆన్ చేయాలి.

లోపం ఒకటుంది, చిన్నది కాదు. ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నలింగ్ (చేసే మార్పుని ముందే చిట్టాలో రాసుకోవడం) లేదు. రాస్తుండగా కేబుల్ ఊడితే ఫైళ్లు పాడైపోవచ్చు. బీచ్‌కి దగ్గరగా ఉండేవాళ్లు కేబుల్ పిన్నుల మీద ఓ కన్నేసి ఉంచాలి, ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. కాపీ అవుతుండగా ఉన్నట్టుండి రాయడం ఆగిపోయిందంటే, పర్మిషన్లు వెతికే ముందు కేబుల్ మార్చి చూడండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు మనది. ఒరిజినల్స్‌ని ఈ డిస్కుకి మాత్రమే వదిలిపెట్టను. ఇంకో కాపీ ఈఎక్స్‌టీ4 డిస్కులో గాజువాకలో అక్క వాళ్లింట్లో ఉంటుంది.