215 తీసి 195 వేస్తే: పాత బొలెరో పికప్‌కి చవక టైర్ల సంగతి

బెజవాడ ఆటోనగర్‌లో టైర్ల షాపు ముందు పాత పికప్ ఆపి ధర అడగ్గానే ఒక సలహా వస్తుంది: "215 ఎందుకండీ, 195 ఏసుకోండి, టైరుకి వెయ్యి దాకా మిగులుద్ది." పదేళ్లు దాటిన బండి మీద ఖర్చు తగ్గించుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. సైజులో మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, 15 అంటే అంగుళాల్లో రిమ్ కొలత. 215/75 ఆర్15 టైర్లతో వచ్చిన బొలెరో పికప్‌కి, బండి ప్లేటు మీద ఆ సైజు కూడా ఉంటే, 195/80 ఆర్15 ఎల్‌టీ (లైట్ ట్రక్), 8 పీఆర్ (ప్లై రేటింగ్, టైరు బలాన్ని చెప్పే అంకె) టైరు పనికొస్తుంది. ఊళ్లో పార్శిళ్లు, కూరగాయలు, పాల ట్రేలు తిప్పే బండికైతే బాగానే పనికొస్తుంది. గుంటూరు మిర్చి యార్డుకి నిండు లోడు తోలే బండికి వద్దు. ఇక 195 పేరు చెప్పి కారు టైరు అంటగడితే ఎవరికీ వద్దు.

ముందు ఎత్తు లెక్క చూద్దాం. 215/75 ఆర్15 టైరు మొత్తం ఎత్తు దాదాపు 704 మిల్లీమీటర్లు, 195/80 ఆర్15 ఎత్తు 693. సెంటీమీటరు తేడా, అంటే ఒకటిన్నర శాతం. స్పీడోమీటరు 60 చూపిస్తే బండి 59 మీద ఉంటుంది. బండి నేలకి దిగేది అయిదారు మిల్లీమీటర్లే. గేరు లాగుడులో డ్రైవరుకి తేడా తెలియదు. ఈ మార్పు ఒప్పుకోదగ్గది అనడానికి మొదటి కారణం ఇదే.

ఇంకా చవగ్గా వస్తుందని 205/70కి దిగితే ఎత్తు 668కి పడిపోతుంది. అయిదు శాతం తేడా. లీటరుకి 13 ఇచ్చే బండి 13.7 ఇస్తున్నట్టు మీటరు చూపిస్తుంది. అది మైలేజీ పెరగడం కాదు, చక్రం చిన్నదై కిలోమీటర్లు ఎక్కువ పడటం. పైగా హైవే మీద అదే వేగానికి ఇంజన్ అయిదు శాతం ఎక్కువ తిరగాలి.

అసలు చూడాల్సింది బరువు. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద సైజు పక్కన 106/104 లాంటి అంకెలుంటాయి. 106 అంటే ఒంటి చక్రం 950 కిలోలు మోస్తుంది. 104 అంటే జంట చక్రాలుంటే ఒక్కోటి 900 మోస్తుంది. పికప్‌కి వెనక ఒంటి చక్రాలే కాబట్టి మొదటి అంకె చూసుకుంటే చాలు.

ఇప్పుడు మిర్చి లోడు లెక్క వేయండి. ఖాళీ బండి 1,600 కిలోలు అనుకుందాం. టిక్కీకి (మిర్చి బస్తాకి) 40 కిలోల చొప్పున 30 టిక్కీలు 1,200. డ్రైవరు, కూలీ కలిపి 140. మొత్తం 2,940. నిండు లోడులో వెనక యాక్సిల్ మీద 65 శాతం పడిందనుకుంటే 1,911 కిలోలు, చక్రానికి 955 పైనే. 106 నంబరు టైరు మోయగలిగింది 950. అంటే టిక్కీలు 30 దగ్గరే టైరు హద్దు దాటింది. ఇంకో అయిదు టిక్కీలు పైన కట్టి, మే నెల ఎండలో నర్సరావుపేట నుంచి గుంటూరు వస్తే సైడ్‌వాల్ వేడెక్కి, పొరలు విడిపోయి, టైరు పేలొచ్చు. అది కంపెనీ లోపం కాదు. అలాంటి బండికి అసలు సైజులోనే, కంపెనీ చెప్పిన పీఆర్ తగ్గకుండా వేయించి, టైరు మీది అంకెకి మించి లోడు వేయకపోవడం తప్ప దారి లేదు.

దీనికన్నా ప్రమాదం ఇన్నోవా నుంచి దిగిన పాత 205/65 ఆర్15 టైర్లు. సగం గీత మిగిలి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, ధర సగం కూడా ఉండదు. వాటి మీద 94 అని ఉంటే మోసేది 670 కిలోలు. రెండు కలిపి 1,340. పై లెక్కలో వెనక పడే 1,911 కంటే 571 కిలోలు తక్కువ. ఎత్తు కూడా ఎనిమిది శాతం పడిపోతుంది. కిరాయి బండికి వీటిని వేయడం డ్రైవరు ప్రాణంతో ఆడుకోవడమే. సైజు మారకపోయినా ఈ మోసం జరగొచ్చు. 215/75 ఆర్15 జీపు రకంలోనూ వస్తుంది. దాని మీద 100 అని ఉంటే 800 కిలోలే. ఎల్‌టీ అన్న అక్షరాలు, పీఆర్ అంకె కళ్లతో చూశాకే డబ్బు తీయండి.

తయారైన తేదీ కూడా అక్కడే, నాలుగంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. మన ఎండలో బయట పేర్చిన టైరు రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. రెండేళ్లు దాటిన సరుకైతే కొత్తదన్నా వేరేది అడగండి. గీతల మధ్య వేలు పెట్టి వంచి చూడండి. సన్నటి వెంట్రుక పగుళ్లు కనిపిస్తే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

రిమ్ మార్చక్కర్లేదు. అయిదున్నర, ఆరు అంగుళాల రిమ్‌కి రెండు సైజులూ కూర్చుంటాయి. వెడల్పు రిమ్ మీదే కొట్టి ఉంటుంది. ట్యూబ్ మాత్రం తప్పకుండా మార్చాలి. 215లో సాగిన పాత ట్యూబ్‌ని 195లో పెడితే లోపల మడత పడుతుంది. ఆ మడత రోజూ రాసుకుని అక్కడే చిల్లి పడుతుంది. పంక్చరు షాపులో ట్యూబ్ బయటికి తీస్తే మడత ఉన్నచోట నల్లగా మెరుస్తూ, కాగితంలా పలచబడి కనిపిస్తుంది. ట్యూబ్‌లెస్ అయితే వాల్వు కొత్తది వేయించి, టైరు లోపలి అంచు (బీడు) కూర్చునే రిమ్ అంచు మీద తుప్పుని వైరు బ్రష్‌తో గీకించాలి. ఆ పనికి చక్రానికి అయిదు నిమిషాలు చాలు. గీకకుండా వేస్తే వారానికోసారి గాలి దిగుతుంది. టైరు ఎక్కించేటప్పుడు సబ్బునీళ్లే రాయించండి. డీజిలో, గ్రీజో రాస్తే రబ్బరు పాడవుతుంది. నట్లు ఎదురెదురుగా బిగించాలి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించి చూసుకోవాలి.

195 వేశాక గాలి విషయంలో పాత అలవాటు మానాలి. లోపల గాలి చోటు తగ్గింది కాబట్టి అదే బరువుకి ఎక్కువ ఒత్తిడి కావాలి. 8 పీఆర్ ఎల్‌టీ టైర్లలో నిండు బరువుకి సాధారణంగా 65 పీఎస్ఐ వరకు ఉంటుంది. అసలు అంకె సైడ్‌వాల్ మీద చూసుకోండి. పొద్దున్నే, బండి కదలకముందు కొలవాలి. హైవే మీద కాజ టోల్ దాటాక వేడి మీద కొలిస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు గాలి తీసేస్తే చల్లారాక తక్కువవుతుంది. టైర్లు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. అంచులు అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ అని గుర్తు. ఒకవైపే అరిగితే టైరుని తిట్టుకోవద్దు. పాత బండిలో బాల్ జాయింట్లు, బుష్‌లు వదులైపోయి ఉంటాయి. అవి మార్చకుండా అలైన్‌మెంట్ చేయిస్తే ఆ డబ్బు వృథా.

నల్లరేగడి పొలాల్లోకి దిగే బండి అయితే మరో ఇబ్బంది. నవంబరు వానల్లో ధాన్యం ఎత్తేటప్పుడు సన్నటి టైరు తొందరగా కూరుకుపోతుంది. తారురోడ్డు బండికి ఆ బాధ లేదు.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. ఏ యాక్సిల్‌కి ఏ సైజు టైరో రిజిస్ట్రేషన్ వివరాల్లో నమోదవుతుంది కాబట్టి ఫిట్‌నెస్ చేసేచోట సైజు గురించి అడగొచ్చు. డోరు దగ్గర ప్లేటు మీదా, మాన్యువల్లోనూ 195 కూడా ఉందేమో ముందే చూసుకోండి. లేకపోతే మార్చొద్దు. ఉన్నా గీత లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడి లోపల చిన్న దిమ్మలుంటాయి, రబ్బరు వాటికి సమానంగా అరిగిందంటే ఆ టైరు పని అయిపోయినట్టే.

బిల్లు తీసుకోండి, అది లేకపోతే వారంటీ క్లెయిమ్ రాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను కాకుండా 5,000 ఉన్న టైరు 6,400 నుంచి 5,900కి రావాలి. పాత రేటు చెబితే అడగండి.

ఖర్చు లెక్క నాలుగు టైర్లకి కాదు, అయిదింటికి వేయండి. నాలుగూ 195 వేసి స్టెప్నీ 215గా వదిలేసేవాళ్లు చాలామంది. దారిలో వెనక చక్రం పంక్చరైతే ఒకవైపు చిన్నది, ఒకవైపు పెద్దది అవుతుంది. మలుపుల్లో రెండు చక్రాల వేగం తేడా సర్దే డిఫరెన్షియల్ లోపలి గేర్లు నేరుగా వెళ్తున్నా పనిచేస్తూనే ఉంటాయి. ఆ స్థితిలో దగ్గర్లో ఉన్న పంక్చరు షాపు దాకా నెమ్మదిగా వెళ్లొచ్చు, ట్రిప్పు పూర్తి చేయకూడదు.