అమెరికా హోటల్లో భోజనం: సూపర్ మార్కెట్ సంచా, రెస్టారెంట్ బిల్లా?

గది అద్దె బుక్ చేసేటప్పుడే తెలిసిపోతుంది. చెప్పాపెట్టకుండా పెరిగేది తిండి ఖర్చే. మెనూలో 15 డాలర్లని చూసి కూర్చుంటాం. దానికి పన్ను, ఆపైన 18 నుంచి 20 శాతం టిప్పు కలిపితే 19 దాకా పోతుంది. నలుగురైతే 75 పైమాటే. వేడివేడిగా తెచ్చిపెడతారు, గిన్నెలు కడిగే పని లేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

సూపర్ మార్కెట్‌లో టిప్పు గొడవ లేదు. కాస్ట్‌కో అనే పెద్ద దుకాణంలో కాల్చిన కోడి మొత్తం 4.99 డాలర్లు, ఏళ్లుగా అదే ధర (మెంబర్‌షిప్ కార్డు ఉండాలి లెండి). మైక్రోవేవ్‌లో 90 సెకన్లకే వేడయ్యే అన్నం ప్యాకెట్లు దొరుకుతాయి. పెద్ద డబ్బా ప్లెయిన్ యోగర్ట్ కొంటే రెండు రోజుల పెరుగన్నం ఖాయం. మేము కాగితం కప్పులో అన్నం చిదిమి, పెరుగు కలిపి, ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి నంజుకున్నాం. ప్లాస్టిక్ చెంచా విరిగింది, చేత్తోనే తినేశాం.

అయితే గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయో లేదో ముందే అడగాలి. లాస్ వేగాస్‌లో కొన్ని పెద్ద హోటళ్ల మినీబార్‌లో (అమ్మకపు పానీయాలు, చిరుతిళ్లు నింపి ఉంచే గదిలోని చిన్న ఫ్రిజ్) సీసా కాస్త కదిపినా బిల్లు పడుతుంది. అక్కడ మన పెరుగు డబ్బాకు చోటెక్కడ? కప్పు ఉప్మాకు కాఫీ మెషిన్‌లో నీళ్లు కాచుకోవచ్చు గానీ, ఉప్మా కాఫీ వాసన కొడుతుంది.

నా ఓటు పొద్దున, రాత్రి సంచికే. మధ్యాహ్నం ఊరి రుచి చూడటానికి బయట తింటాం. ఆ పూట మిగిలింది డబ్బాలో పెట్టించుకుని గదికి తెచ్చుకోవడానికి అక్కడ ఎవరూ సిగ్గుపడరు.