వాన మాటల నిఘంటువులు: ఏడేళ్ళు వాడిన తర్వాత

నర్సంపేట దగ్గర ఒక రైతు సంఘంలో లెక్కలు రాయడం నా ఉద్యోగం. ఏడేళ్ళ కింద దానికి ఇంకో పని తోడైంది. పొద్దున్నే వాతావరణ శాఖ బులెటిన్ చదివి, మా మండలాలకు పనికొచ్చే సంగతిని నాలుగు వాక్యాల్లో తెలుగులో రాసి సభ్యులందరి ఫోన్లకు పంపాలి. ఇంగ్లిష్ వచ్చు, తెలుగు వచ్చు, ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ ఏడు పత్తి తీసే రోజుల్లో ఒక పొద్దు ‘జిల్లాలో అక్కడక్కడా భారీ వర్షాలు’ అని పంపాను. ఊళ్ళో చాలామంది కూలి ఎక్కువిచ్చి మనుషులను పిలిపించుకుని, సగం విచ్చిన కాయలు కూడా తెంపించారు. మా ఊళ్ళో చినుకు పడలేదు. రెండు మండలాల అవతల దంచికొట్టింది. సాయంత్రం ఆఫీసుకు వచ్చిన ఒక పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. "బిడ్డా, అక్కడక్కడా అంటే మన ఊరు అందుల ఉన్నట్టా, లేనట్టా?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే వాతావరణ పదాలకు అర్థాలు చెప్పే నిఘంటువుల కోసం వెతకడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి విడవకుండా వాడుతున్నవాటి గురించే ఈ సమీక్ష.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది భారత వాతావరణ శాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరికే పదావళి, దానితోపాటు ఉండే ప్రశ్నలు జవాబుల పత్రాలు. చూడటానికి అందమేమీ ఉండదు, అన్నీ పట్టికలు, అంకెలు. నా రోజువారీ పని మాత్రం చాలావరకు వీటితోనే గడుస్తుంది.

పెద్దాయన ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. బులెటిన్‌లో ‘ఐసొలేటెడ్’ అని ఉంటే, ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో 25 శాతానికి మించకుండా వాన పడుతుందని అర్థం. 26 నుంచి 50 శాతం అయితే కొన్ని చోట్ల, 51 నుంచి 75 అయితే చాలా చోట్ల, ఆ పైన దాదాపు అన్ని చోట్ల. అంటే నేను ‘అక్కడక్కడా’ అని రాసిన రోజు నాలుగు ఊళ్ళలో మూడింటికి వాన రాకపోయినా బులెటిన్ తప్పలేదు. తప్పింది నా రాత. ఇప్పుడు ఆ మాట వాడను. ‘నాలుగు ఊళ్ళుంటే ఒక ఊరికి రావచ్చు, అది మనదే కావాలని లేదు’ అని రాస్తాను. పొడవైనా సరే.

‘భారీ’ అనే మాటకూ కొలత ఉంది. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. పడితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 అయితే అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. 15.6 నుంచి 64.4 దాకా అంతా ‘మోస్తరు’ కిందికే వస్తుంది. ఈ మోస్తరు దగ్గర నాకు ఇప్పటికీ టెన్షనే. మా వైపు మోస్తరు అంటే ‘పర్వాలేదు’ అన్నట్టు. కల్లంలో మిర్చి ఆరబోసుకున్న మనిషికి 60 మి.మీ. వాన పర్వాలేదు అనదగ్గదా? ఎనుమాముల మార్కెట్‌కు పోవాల్సిన సరుకు రంగు మారి కూర్చుంటుంది. అదే 60 జూన్‌లో పడితే పండుగ. పత్తికి 60 నుంచి 75 మి.మీ. వాన పడి నేల పదునయ్యాకే గింజ వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. పదావళి వానను కొలుస్తుంది, పంటను కాదు. అందుకే నేను వర్గం పేరుతోపాటు అంకె కూడా పంపుతాను, ఆ అంకెను లీటర్లలోకి మారుస్తాను. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు. కాబట్టి భారీ వర్షం మొదలయ్యే 64.5 దగ్గరే ఎకరం మీద రెండు లక్షల అరవై వేల లీటర్లు పడ్డట్టు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు యాభై రెండు. ఈ లెక్క నేను వాడే ఏ నిఘంటువులోనూ లేదు. రైతులకు వెంటనే ఎక్కేది మాత్రం ఇదే.

తేదీల సంగతి కూడా అక్కడే తెలుసుకున్నాను. 2023 జులై 27న ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. నమోదైంది. అంతకుముందు తెలంగాణ రికార్డు 2013 జులై 19న వాజేడులో పడిన 517.5. అంకె చూసి మా సభ్యులు కొందరు ‘27న అంటారేంది, వాన 26 రాత్రంతా కదా’ అని అడిగారు. వాతావరణ శాఖ లెక్కలో రోజు అంటే పొద్దున 8:30 నుంచి మర్నాడు పొద్దున 8:30 దాకా. ఆ మొత్తం వాన ముగిసిన రోజు తేదీ కింద చేరుతుంది. హెచ్చరికలో ‘ఈరోజు’ అన్నా రేపు పొద్దున 8:30 దాకా అనే చదువుకోవాలి. ఇది తెలియకపోతే మందు కొట్టే రోజు తప్పిపోతుంది.

ఆ వానప్పుడే ఎక్కడ చూసినా ‘క్లౌడ్‌బర్స్ట్’ అనే మాట వినిపించింది. పదావళి ప్రకారం 20, 30 చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతంలో ఒక్క గంటలో 100 మి.మీ. లేదా అంతకు మించి కురిస్తేనే ఆ పేరు. 24 గంటల మొత్తం ఎంత పెద్దదైనా దాన్ని బట్టి అవునో కాదో చెప్పలేం, గంట గంట లెక్క చూడాలి. భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిలో వాగు ఇళ్ళ మీదికి వచ్చి డాబాలెక్కిన వాళ్ళకు ఆ పేరు ఏదైతేనేం అనిపించవచ్చు. కానీ ఒక చిన్న చోట గంటలో కుమ్మరించే వానను ముందే పసిగట్టడం చాలా కష్టం. అల్పపీడనం వల్ల రోజంతా కురిసే వానకు ఒకటి రెండు రోజుల ముందే రంగుల హెచ్చరికలు వస్తాయి. రెండిటినీ ఒకే పేరుతో పిలిస్తే, ‘ఎట్లాగూ ముందు తెలియదు కదా’ అని జనం రెడ్ అలర్ట్‌ను కూడా వదిలేస్తారు. నా భయం అదీ.

ఎండాకాలం మాటలు ఇంకో రకంగా ఇబ్బంది పెడతాయి. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణం కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువైతే వడగాలులు, అంతకు మించితే తీవ్ర వడగాలులు. అట్లా కాకున్నా 45 తాకితే వడగాలే. ఒక ఊరికి మేలో సాధారణం 42 అనుకోండి, అక్కడ 44 డిగ్రీలు కాసినా ఈ లెక్కలో వడగాలి కాదు. రామగుండం బొగ్గు గనుల దగ్గర పనిచేసే మా చిన్నాయనకు ఈ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. బులెటిన్‌లో వడగాలి అనే మాట లేదు కదా అని ఎండలో పనికి పోవద్దని నేను ప్రతి మేలో విడిగా రాస్తాను.

రెండోది అమెరికన్ మెటియొరలాజికల్ సొసైటీ నిఘంటువు. 1959లో మొదట వచ్చింది, 2000లో రెండో కూర్పు 12,000కు పైగా పదాలతో తెచ్చారు, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. మన వాతావరణ శాఖ పదావళి ‘ఎంత’ అనేది చెబుతుంది, ఇది ‘ఎందుకు’ అనేది చెబుతుంది. ఇంగ్లిష్ బరువుగానే ఉంటుంది, ఒక పదానికి అర్థం చూడబోతే ఇంకో నాలుగు పదాలకు పోవాల్సి వస్తుంది. ఓపిక ఉన్నవాళ్ళకే.

అయితే నన్ను ఏళ్ళ తరబడి వేధించిన ఒక చిక్కు దీనివల్లే విడిపోయింది. మన వార్తల్లో ‘ఉపరితల ఆవర్తనం’ రోజూ వింటాం. ఉపరితలం అంటే పైతలం, నేల మీద అనే కదా బడిలో చదువుకున్నది. మరి ‘ఉపరితల ఆవర్తనం సముద్ర మట్టానికి 5.8 కిలోమీటర్ల ఎత్తులో’ అంటే ఎట్లా? ఇంగ్లిష్ బులెటిన్‌లో ఉన్నది ‘అప్పర్ ఎయిర్’, అంటే నేలకు బాగా పైన ఉన్న గాలి. మన తెలుగు మాట సరిగ్గా దానికి ఎదురు అర్థం ఇస్తోంది. నిఘంటువులో ‘అప్పర్ ఎయిర్’ దగ్గర మొదలుపెట్టి పీడన తలాల దాకా చదివాక బులెటిన్‌లో వచ్చే 1.5, 3.1, 5.8, 7.6 కిలోమీటర్లు ఎక్కడివో కూడా తెలిసింది. బెలూన్లు ఎగరేసి గాలిని కొలిచేది పీడనం లెక్కన. 850 హెక్టాపాస్కల్స్ పీడనం ఉండే ఎత్తు సుమారు 1.5 కిలోమీటర్లు, 700 అయితే 3.1, 500 అయితే 5.8, 400 అయితే 7.6. ఆవర్తనం కింది నుంచి 7.6 దాకా లేచి ఉందంటే అది లోతైనదని, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దని ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. ‘ఉపరితల’ అనే మాట మాత్రం రాయను. ‘పైగాలి సుడి’ అని రాస్తున్నాను. మొదట్లో కొందరికి వింతగా అనిపించింది, ఇప్పుడు వాళ్ళే వాడుతున్నారు.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు ఒక్క పూటలో కూలినప్పుడు కూడా ఈ నిఘంటువే తెరిచాను. సుడిగాలి, టోర్నడో, క్లౌడ్‌బర్స్ట్, అన్ని పేర్లూ వినిపిస్తున్నాయి. టోర్నడో అంటే మేఘం నుంచి నేల దాకా తిరుగుతూ దిగే గాలి స్తంభం. డౌన్‌బర్స్ట్ అంటే ఉరుముల మేఘం నుంచి గాలి ఒక్కసారిగా కిందికి పడి, నేలను తాకి నలువైపులా పరుచుకోవడం. ఒకటి మెలిపెడుతుంది, ఇంకోటి పడదోస్తుంది, చెట్లు ఎటు పడ్డాయన్నది చూసి నిపుణులు ఏది జరిగిందో తేలుస్తారు. క్లౌడ్‌బర్స్ట్ అయితే గాలికి పేరే కాదు, వానకు పేరు. ఏదో ఒక పేరు పంపమని సంఘంలో అడిగారు. నేను ఈ తేడా రాసి పంపాను.

మూడోది ప్రపంచ వాతావరణ సంస్థ వారి అంతర్జాతీయ మేఘాల అట్లాసు. 1896లో తొలిసారి అచ్చయింది, 2017 కూర్పు ఫొటోలతో ఆన్‌లైన్‌లో ఉంది. నాకు వీటన్నిటిలో ప్రాణమైనది ఇదే. పేర్లన్నీ లాటిన్, పలకడానికి నోరు తిరగదు, కానీ బొమ్మలకు భాష అక్కర్లేదు. క్యుములోనింబస్ మేఘం పైభాగం కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకున్న ఫొటో మా ఆఫీసు గోడకు అంటించాను. అట్లాంటి మొగులు పడమర నుంచి లేచిందంటే గాలి దుమారం, పిడుగులు ఉంటాయని, చెట్టు కింద నిలబడొద్దని గొర్రెల కాపరులకు చూపిస్తాను. ఒక్కసారి చూస్తే వాళ్ళు మరిచిపోరు.

వాతావరణ మార్పును అంచనా వేసే అంతర్జాతీయ నిపుణుల సంఘం ఐపీసీసీ నివేదికల వెనక ఇచ్చే పదకోశం వాతావరణ మార్పు గురించి రాసేవాళ్ళకు మేలు, నాకు ఏడాదికి రెండు మూడుసార్లు పనిపడుతుంది. ‘లైక్లీ’ అంటే 66 శాతం పైన, ‘వెరీ లైక్లీ’ అంటే 90 శాతం పైన అని ఆ నివేదికల్లో ప్రతి మాటకూ హద్దు కట్టిన తీరు నాకు చాలా నచ్చింది.

ఇక తెలుగు. ఇక్కడ నా బాధ దాచుకోలేను. హన్మకొండలో పాత పుస్తకాల్లో ఒక పారిభాషిక పదకోశం కొన్నాను. ఇంగ్లిష్ మాట పక్కన తెలుగు మాట, అంతే. ‘ట్రఫ్’ అంటే ద్రోణి. ద్రోణి అంటే ఏమిటో లేదు, అది ఉంటే వాన ఎందుకు పడుతుందో లేదు. కొలత లేని మాట మా పనికి అక్కరకు రాదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటి మాత్రం వేరు. రైతుల నోటి మాటలను ఏ జిల్లాలో ఏమంటారో చూపుతూ కూర్చిన పుస్తకం అది. వాతావరణ శాస్త్రం కోసం రాసింది కాదు, అయినా మా వాళ్ళతో ఏ మాటతో మాట్లాడాలో వెతుక్కోవడానికి నేను దాని దగ్గరికే పోతాను. ఇంట్లో పంచాంగం కూడా తీసి పెట్టుకున్నాను. ‘జూన్ రెండో వారం’ అంటే తలూపేవాళ్ళు, ‘మిర్గం (మృగశిర కార్తె) వచ్చిన వారం’ అంటే వెంటనే లెక్క కట్టుకుంటారు.

2023లో జులై ముంచాక ఆగస్టు దేశం మొత్తం మీద 1901 నుంచి ఎన్నడూ లేనంత పొడిగా గడిచింది. కాలం మొత్తానికి లెక్క వేసే పద్ధతిలో జిల్లా వాన సాధారణం కంటే 19 శాతం అటూ ఇటూ ఉంటే ‘సాధారణం’ అంటారు. నెల ముంచి నెల ఎండినా రెండూ కలిసి సాధారణం కావచ్చు. ఆ మధ్యలో చేను వాడిపోయిన రోజులకు మా వాళ్ళు ‘బెట్ట’ అంటారు, ఆ మాట నా సందేశాల్లో ఉంటుంది.

కొత్తగా ఈ పని మొదలుపెట్టేవాళ్ళకు ఒక మాట. తెలుగు పుస్తకాలు తప్ప ఇవన్నీ ఆన్‌లైన్‌లో ఉచితమే, కానీ పెద్ద వాన పడ్డ రోజే కరెంటు, నెట్ రెండూ పోతాయి. వాన, ఎండ, గాలి పట్టికలు మూడు పేజీలు ప్రింటు తీసి లామినేషన్ చేయించుకోండి. ఒక నోటు పుస్తకం కూడా పెట్టుకోండి. నా పుస్తకంలో ఎడమ పేజీ నిఘంటువుది, కుడి పేజీ ఊరిది.

కిందటి వానాకాలం ‘డ్రిజిల్’ అనే పదం దగ్గర ఆగిపోయాను. చినుకు అర మిల్లీమీటరు కంటే సన్నగా ఉండాలని నిఘంటువు చెబుతుంది. అది తుంపర. మరి ముసురుకు ఏ పదం? ఎక్కడా సరిపోలేదు. అప్పట్లో ‘అక్కడక్కడా’ గురించి అడిగిన పెద్దాయన దగ్గరికే పోయి, ముసురు అని ఎప్పుడంటారు అని అడిగాను. ఆలోచించకుండానే చెప్పాడు: "రెండు పొద్దులు సూర్యుడు కనబడొద్దు, ఆరేసిన బట్ట ఆరొద్దు. అప్పుడు ముసురు పట్టినట్టు." కుడి పేజీలో అట్లాగే రాసుకుని, ఎదురుగా అట్లాసులోని నింబోస్ట్రాటస్ బొమ్మ, అంటే సూర్యుణ్ణి కప్పేసి విడవకుండా కురిసే మొగులు బొమ్మ, అంటించాను.