గోల్ఫ్ ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి, మాకు జరిగింది చదవండి

హైదరాబాద్‌లో గోల్ఫ్ ఆడేవాళ్లకు, ముఖ్యంగా మెంబర్‌షిప్ లేకపోయినా ఒక్కసారి పెద్ద కోర్సులో ఆడాలని ఆశపడేవాళ్లకు ఈ మాట. మధ్యవర్తికి డబ్బు పంపే ముందు క్లబ్బుకు మీరే ఫోన్ చేయండి. నేను చేయలేదు, 22,000 పోయాయి.

మా బావగారు బ్యాంకులో పనిచేసి మే నెలలో రిటైరయ్యారు. విశాఖలో ఉన్న రోజుల్లో ఆయనకు గోల్ఫ్ అలవాటైంది. రెండు వైపులా చెట్లుండే మంచి ప్రైవేట్ కోర్సులో ఒక్క రౌండ్ ఆడాలని ఎన్నాళ్లుగానో అంటున్నారు. హైదరాబాద్ వస్తున్నారు కదా, ఆ ముచ్చట నేనే తీరుద్దామనుకున్నాను. మాదాపూర్‌లో ఇలాంటి ప్యాకేజీలు అమ్మే ఏజెంటు ఒకతను దొరికాడు. ఛాంపియన్‌షిప్ కోర్సు, 18 హోల్స్, ఉదయం 6:30కి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం), బ్యాగు మోసే క్యాడీలు, కోర్సులో తిరిగే కార్ట్, టిఫిన్, అన్నీ కలిపి ఇద్దరికి 22,000 అన్నాడు. "బయటివాళ్లకు ఇవ్వరు సార్, మా మెంబర్ ద్వారా ఇప్పిస్తున్నాం" అన్నాడు. డబ్బు వేరే ఎవరో మనిషి పేరున్న యూపీఐ నంబరుకు పంపమన్నాడు, పంపాను. రసీదు అడిగితే వాట్సాప్‌లో కోర్సు ఫొటో ఒకటి పెట్టి "కన్ఫర్మ్ సార్" అన్నాడు. అక్కడే ఆగాల్సింది.

జూన్‌లో ఒక ఆదివారం ఆరుంపావుకల్లా గేటు దగ్గరున్నాం. రిజిస్టర్‌లో మా పేర్లు లేవు. ఇలాంటి క్లబ్బుల్లో గెస్టు అంటే మెంబర్ వెంట వెళ్లాలి, లేదా ఆయన ముందుగా పేరు రాయించాలి. మా మెంబర్ ఎవరని సెక్యూరిటీ అతను అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏజెంటేమో "పది నిమిషాలు సార్" అంటూ గంటకు పైగా గేటు బయటే నిలబెట్టాడు. బావగారు కొత్త గ్లవ్ తొడుక్కుని కారు దిగినవారు, కాసేపటికి దాన్ని తీసి మడిచి జేబులో పెట్టుకుని మళ్లీ లోపల కూర్చున్నారు. ఆయన ముఖం చూడలేకపోయాను. చివరికి ఎవరితో మాట్లాడాడో, లోపలికి పంపారు. ఆట మొదలయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది.

అసలు సంగతి మొదటి గ్రీన్ మీద, అంటే బంతి పడే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద తెలిసింది. రెండేసి అంగుళాలకు ఒకటి చొప్పున పెన్సిల్ లావు రంధ్రాలు, వాటి నిండా ఇసుక. ఎయిరేషన్ చేశారన్నమాట. తొక్కీ తొక్కీ నేల గట్టిపడుతుంది కాబట్టి సన్నటి గొట్టాలతో మట్టి తీసేసి ఇసుక నింపుతారు, అప్పుడు వేళ్లకు గాలీ నీళ్లూ అందుతాయి. బెర్ముడా గడ్డి వేడిలో జోరుగా పెరుగుతుంది కనుక ఈ పని ఆ కాలంలోనే పెట్టుకుంటారు. ఆ రంధ్రాలు పూడి గ్రీన్ మళ్లీ నున్నగా అవ్వడానికి రెండు మూడు వారాలైనా పడుతుంది. కోర్సు బాగుండాలంటే ఇది చేయాల్సిందే, అందుకు క్లబ్బును ఏమీ అనను. మెంబర్లకు పదిహేను రోజుల ముందే నోటీసు పెట్టామని స్టార్టర్, అంటే ఆటగాళ్లను వరసగా ఆటకు పంపే క్లబ్బు మనిషి, చెప్పాడు. మాకు అమ్మినవాడు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. రెండు హోల్స్‌లోనైతే గ్రీన్ పూర్తిగా మూసేసి, గ్రీన్ దాకా వెళ్లే గడ్డి దారి, ఫెయిర్‌వే మీదే బంతి పడే గుంట తవ్వి జెండా పాతారు. నాలుగడుగుల దూరం నుంచి బావగారు గుంటలోకి మెల్లగా పుట్ కొడితే బంతి గంతులు వేస్తూ పక్కకు పోయింది. ఇంకో బంతి పెట్టి కొట్టారు, అదీ అటే పోయింది.

కోర్సు మాత్రం నిజంగా గొప్పది, కష్టమైనదీను. వేప, కానుగ, నీలగిరి చెట్ల మధ్య ఫెయిర్‌వేలు సన్నగా సాగుతాయి, కాస్త వంకరగా కొట్టామా బంతి చెట్లలోకే. నాలుగో హోల్‌లో నా బంతి వేప కొమ్మకు తగిలి కిందపడి, చెట్టు వేళ్ల సందులో ఇరుక్కుంది. పెనాల్టీగా ఒక దెబ్బ అదనంగా లెక్కేసుకుని, రెండు గోల్ఫ్ కర్రల పొడవు లోపల బంతిని మళ్లీ వదిలి ఆడాను. బంతి వెతుక్కోవడానికి 2019 నుంచి 3 నిమిషాలే కదా, అలా ఇద్దరం కలిసి పదకొండు బంతులు పోగొట్టుకున్నాం. అది ఆట, దానికి బాధ లేదు. కానీ "ఎవరైనా ఆడేయొచ్చు సార్" అని అమ్మడం తప్పు. కోర్సు మామూలు ఆటగాళ్లకు ఎంత కష్టమో చెప్పే స్లోప్ రేటింగ్ ఎంతని అడగండి. అది 55 నుంచి 155 దాకా ఉంటుంది, 113 మామూలు లెక్క. అంకె పెరిగేకొద్దీ మనలాంటి వాళ్లకు కష్టం. క్యాడీ మంచి మనసుతో "సార్, ముందు టీల నుంచి ఆడండి" అని, గ్రీన్‌కు దగ్గరగా ఉన్న చోటు నుంచి మొదలుపెట్టమన్నాడు కాబట్టి ఆ మాత్రమైనా ఆడగలిగాం.

క్యాడీలకూ కార్టుకూ ఏజెంటు కట్టలేదని మళ్లీ 4,500 మా దగ్గరే తీసుకున్నారు. టిఫిన్ లేదు. ఎండ దంచేస్తుంటే బావగారి వయసు చూసి పన్నెండో హోల్‌తో ఆపేశాం. "పోన్లేరా, చెట్లయినా చూశాం" అన్నారాయన. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

మీరు బుక్ చేసుకునే ముందు ఏ మెంబర్ గెస్టుగా వెళ్తున్నారో పేరు కనుక్కోండి. ఆ పేరు మీద ఆ రోజు స్లాట్ ఉందో లేదో క్లబ్బు ఆఫీసుకే ఫోన్ చేసి అడగండి. గ్రీన్స్‌కు ఎప్పుడు రంధ్రాలు చేశారు, ఎన్ని హోల్స్ తెరిచి ఉన్నాయి అన్నది కూడా ఆ ఫోన్‌లోనే తెలిసిపోతుంది. గ్రీన్ ఫీజు (కోర్సులో ఆడేందుకు కట్టేది) క్లబ్బు కౌంటర్‌లోనే కట్టి మీ పేరుతో బిల్లు తీసుకోండి. "లేదు సార్, మాకే కట్టాలి" అని ఎవరైనా అంటే వదిలేయండి.

ఏజెంటు మొదట "రీఫండ్ చేస్తాం" అన్నాడు, పది రోజులకు నా నంబరే బ్లాక్ చేశాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు కేసు వేస్తే చాలు. చాటింగ్, యూపీఐ వివరాలు, స్కోర్‌కార్డు, ఆ రోజు తీసిన గ్రీన్ ఫొటోలు అన్నీ దాచిపెట్టాను. మాదాపూర్ వైపు ఇలాంటి ప్యాకేజీకే డబ్బు కట్టి మోసపోయినవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, కలిసే వేద్దాం.