ఎంఏ తెలుగుకి తిరుపతా, కుప్పమా?

పీజీసెట్ (ఆంధ్రప్రదేశ్‌లో పీజీ సీట్లకి పెట్టే ఉమ్మడి ఎంట్రెన్స్) ర్యాంకులు వచ్చాయంటే చాలు, ప్రతి ఏడూ ఇదే ప్రశ్న. "అన్నా, ఎంఏ తెలుగుకి తిరుపతి ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ముందు పెట్టాలా, కుప్పం ద్రావిడ యూనివర్సిటీ పెట్టాలా?" 2021కి ముందు ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో ఎంట్రెన్స్ ఉండేది, రాసిన చోటే చేరేవాళ్లం. ఇప్పుడు పరీక్ష ఒకటే, ఆప్షన్లన్నీ ఒకే పేజీలో పక్కపక్కనే కనబడతాయి, దాంతో టెన్షన్. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా.

"కుప్పం డిగ్రీకి విలువ ఉంటుందా?" అని అడగడం ముందు మానేయండి. రెండూ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలే. నెట్ (లెక్చరర్ ఉద్యోగాల అర్హత పరీక్ష) రాయడానికి జనరల్, ఈడబ్ల్యూఎస్ వాళ్లకి పీజీలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, దివ్యాంగులకి 50 శాతం మార్కులు కావాలి, ఎక్కడ చదివినా అంతే. నెట్ పేపర్‌కి మీ క్యాంపస్ ఏదో తెలియదు.

ఎస్వీయూ 1954లో పుట్టింది. అనంతపురం కృష్ణదేవరాయ, కడప యోగి వేమన రెండూ ఒకప్పుడు దీని పీజీ సెంటర్లే, అంటే సీమలో ఉన్నత చదువుకి ఇది పుట్టిల్లు లాంటిది. పేరు చెబితే ఎక్కడుందని ఎవరూ అడగరు. టీటీడీ 1939లో మొదలుపెట్టిన ప్రాచ్య పరిశోధన సంస్థ తర్వాత ఈ యూనివర్సిటీకే వచ్చింది, తాళపత్రాలు అక్కడే ఉన్నాయి. ప్రాచీన కావ్యాలు, గ్రంథ పరిష్కరణ (పాత ప్రతులు పోల్చి సరైన పాఠం తేల్చడం) మీద మనసున్నవాళ్లు ఇంక ఆలోచించక్కర్లేదు, తిరుపతే. పైగా క్యాంపస్ ఊళ్లోనే ఉంది. గేటు దాటితే ఆటో, డీఎస్సీ కోచింగ్, గ్రూప్స్ కోచింగ్, పార్ట్‌టైమ్ పని, అన్నీ అందుబాటులో.

కానీ నాకు పేచీ అక్కడే. అన్నీ అందుబాటులో ఉంటే క్లాసు అవగానే ఎవరి దారిన వాళ్లు పోతారు. మధ్యాహ్నం దాకా పక్క బెంచీలో కూర్చున్నవాడు సాయంత్రం ఏ కోచింగ్ సెంటర్లో ఉంటాడో తెలియదు. రెండేళ్లు ఒకే డిపార్ట్‌మెంట్‌లో చదివి ఒక్క కవిత గురించి గట్టిగా వాదించుకోకుండా బయటపడిన బ్యాచ్‌లు నాకు తెలుసు.

కుప్పంలో అలా కుదరదు, వెళ్లడానికి చోటే లేదు కాబట్టి! 1997లో చట్టం చేసి ద్రావిడ యూనివర్సిటీని మూడు రాష్ట్రాలు కలిసే మూలలో పెట్టారు, దక్షిణాది భాషలన్నీ ఒక చోట చదువుకోవాలని. తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రభుత్వాలు కూడా చెయ్యి కలిపాయి. తెలుగు, తమిళం, కన్నడం, భాషాశాస్త్రం, జానపదం, అనువాదం, ఇవన్నీ ఒకే ఆవరణలో. కాగితం మీద ఇదంతా ఉపన్యాసంలా ఉంటుంది గానీ, మెస్‌లో కూర్చుంటే అర్థమవుతుంది. ఒకడు చారులో బెల్లం వెయ్యలేదంటాడు, ఇంకొకడు వేస్తే తిననంటాడు, ఆ గొడవ అయ్యాక అదే బల్ల దగ్గర తమిళం చదివే పిల్లాడు వాళ్ల పాత సంగం కాలపు పద్యమొకటి చదివి అర్థం చెబుతుంటే మనవాళ్లు హాలుడి ప్రాకృత పద్యాల సంకలనం గాథాసప్తశతి తీస్తారు. ఇది సిలబస్‌లో ఉండదు. ఇక చుట్టుపక్కల పల్లెల్లో ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష మాట్లాడేవాళ్లకి కొదవ లేదు. జానపదం మీద ప్రాజెక్ట్ చేసేవాళ్లకి రికార్డర్ పట్టుకుని నడిచి వెళ్లేంత దూరంలోనే మెటీరియల్.

అందుకే నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైంది సాయంత్రం. ర్యాంకింగ్, పేరు, బిల్డింగులు తర్వాత. క్లాసు అయ్యాక ఐదింటి నుంచి పది దాకా మీరు ఎవరితో ఉంటారు, ఏం మాట్లాడుకుంటారు? సాహిత్యం చదవడమంటే సగం అదే. ఆ సగం చిన్న క్యాంపస్‌లో ఊరికే దొరుకుతుంది, పెద్ద ఊళ్లో వెతుక్కోవాలి. అయితే ఒంటరిగా ఉండలేనివాళ్లు, వారానికోసారి సినిమా లేకపోతే ఊపిరాడనివాళ్లు కుప్పంలో మొదటి నెలలోనే సంచి సర్దేస్తారు, అది కూడా చెప్పాలి.

మిగతావి: అమ్మాయిలకి తిరుపతిలోనే పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, 1983 నుంచి, ఇంట్లో ఒప్పుకోవడం తేలిక. కడప చుట్టుపక్కలవాళ్లకి యోగి వేమన సరిపోతుంది. మూడో, నాలుగో ఆప్షన్‌గా పెట్టుకోండి.

డీఎస్సీయే లక్ష్యమైతే ఎస్వీయూ. పీహెచ్‌డీ వైపు, అనువాదం వైపు, రాయడం వైపు మనసు లాగుతుంటే కుప్పం పైన పెట్టండి. పెట్టే ముందు మాత్రం ఒకసారి డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి, రెండో ఏడాది పిల్లల్ని ముగ్గుర్ని పట్టుకుని, ఇప్పుడు రెగ్యులర్ సార్లు ఎందరున్నారు, హాస్టల్‌లో నీళ్లొస్తున్నాయా అని అడగండి, వెబ్‌సైట్ చూసి నమ్మకండి. బెంగళూరు–చెన్నై లైన్ మీదే కుప్పం స్టేషన్ ఉంది కాబట్టి ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు, కడప వైపు వాళ్లకి మాత్రం రెండు రోజుల పనే.